పని చేసే చోట పెట్టే బాధ

(శతాబ్ది ఉత్సవములలో భాగముగా జరిగిన ఉద్యోగస్థుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



కార్యక్రమ పత్రములో నాకు ఇచ్చిన అంశము "విశ్వాసి – ఉద్యోగ ధర్మము". ఈ అంశము మీద మీరందరూ ఇదివరకే చాలా ప్రసంగములు విని ఉంటారు. వేళకు ఆఫీసుకు వెళ్లవలెను, లంచము పుచ్చుకొనరాదు, పై అధికారికి లోబడవలెను అని చెప్పి ముగిస్తాము. అవన్నీ సరియైనవే. అయితే ఉద్యోగస్థుడు చేయవలసిన దానిని గూర్చి ఇన్ని సంవత్సరములుగా చెప్పుచున్న మనము, ఆ ఉద్యోగస్థునికి అక్కడ ఏమి జరుగుచున్నదో ఎన్నడైనా అడిగామా? అందుచేత కమిటీ వారి అనుమతితో ఈ పూట అంశమును కొంచెము పక్కకు తిప్పి, పని చేసే చోట మనిషిని మనిషి పెట్టే బాధను గూర్చి మాట్లాడదలచుకున్నాను.

ఇంగ్లీషులో దీనికి బుల్లీయింగ్ అని ఒక్క మాట ఉన్నది. మన భాషలో అలాంటి ఒక్క మాట లేదు గాని, చిన్న చిన్న మాటలు ఎన్నో ఉన్నవి. సతాయించుట, కాల్చుకు తినుట, రాచి రంపాన పెట్టుట, సూటిపోటి మాటలు, ఎత్తిపొడుపులు, చిన్నచూపు. ఇన్ని మాటలు పుట్టినవంటే ఈ అనుభవము మనకు కొత్తది కాదని అర్థము. వీటన్నిటిలో నాకు సరిగా తోచేది "పొగ పెట్టుట" అనే మాట. వరి పొలాల గట్ల మీద ఎలుక కన్నములను మీరు చూచి ఉంటారు. ఎలుకలు పట్టేవారు ఎలుకను కర్రతో కొట్టరు. కన్నము దగ్గర గడ్డి రాజబెట్టి పొగను లోపలికి ఊదుతారు. ఊపిరాడక అది తనంతట తానే బయటకు వస్తుంది. ఆఫీసులో కూడా అంతే. ఎవరూ చెయ్యి చేసుకోరు. బయటికి పొమ్మని ఎవరూ అనరు. మనిషి తనంతట తానే రాజీనామా వ్రాసి ఇచ్చే వరకు పొగ పెడతారు. తరువాత ఎవరైనా అడిగితే, "ఆయనే మానుకున్నాడండి, మేము ఏమీ అనలేదు" అంటారు.

ఈ పొగ ఎన్ని విధములుగా పెడతారో చూడండి. ఆసుపత్రిలో ఒక స్టాఫ్ నర్సుకు నెల పొడుగునా నైట్ డ్యూటీలు వేస్తారు. ఆమె అడిగితే, చార్టు వేసిన పెద్దామె పది మంది ఎదుట, "నీకు రాజభోగాలు కావాలా?" అంటుంది. ప్రైవేటు స్కూలులో ఒక టీచరమ్మను పిల్లల ముందే ప్రిన్సిపాలు గారు మందలిస్తారు. ఆమె తరువాత ఆ పిల్లలకు పాఠము ఎలా చెప్పగలదు? బట్టల దుకాణములో ఒక అమ్మాయిని ఉదయము నుండి రాత్రి దాకా నిలబెట్టి ఉంచుతారు. గిరాకీ లేని వేళ స్టూలు మీద కూర్చున్నందుకు జీతము కోస్తారు. బ్యాంకులో టార్గెట్టు పూర్తి కాని గుమస్తా పేరును అందరూ చూచే వాట్సాప్ గ్రూపులో పెట్టి, రాత్రి పది గంటలకు కూడా జవాబు చెప్పమంటారు. కొన్ని చోట్ల ఏ పనీ ఇవ్వరు. ఇరవై ఏళ్ల అనుభవము గల మనిషికి ఒక మూల బల్ల వేసి, ఫైళ్లన్నీ పక్కవానికి పంపిస్తారు. పని ఇవ్వకపోవుట కూడా బాధేనా అని కొందరు అడుగుతారు. మధ్యాహ్నము భోజనపు డబ్బా విప్పినప్పుడు పక్కన ఎవరూ కూర్చోని మనిషిని అడగండి, ఆయన చెబుతాడు.

మన వారిని గూర్చి మరొక మాట. ఇంటి పేరు విని, ఊరిలో ఏ వైపు నుండి వచ్చాడో ఆరా తీసి, "మిషను హాస్టలులో చదివినవాడు గదా" అని నవ్వే నవ్వు ఒకటి ఉన్నది. ఈ హాలులో దానిని ఎరుగని వారు తక్కువ. దానికి మెమో ఉండదు, సాక్ష్యము ఉండదు.

ఇక్కడ ఒక విషయము స్పష్టముగా చెప్పాలి. లేకపోతే మీలో అధికారులుగా ఉన్నవారు, గురువు గారు పని దొంగలను వెనకేసుకు వస్తున్నారని అనుకుంటారు. పని అడుగుట వేధింపు కాదు. ఆలస్యముగా వచ్చినవానిని మందలించుట, లెక్క తప్పితే సరిచేయించుట, రోగికి తప్పు మందు ఇచ్చిన నర్సుకు గట్టిగా చెప్పుట అధికారి బాధ్యతే. అలా చేయని అధికారి వలన కూడా పక్కవారు బాధపడతారు. తేడా ఎక్కడంటే, మంచి అధికారి పనిని దిద్దుతాడు, వేధించేవాడు మనిషిని తగ్గిస్తాడు. మొదటివాడు గదిలోనికి పిలిచి చెబుతాడు, రెండవవానికి ప్రేక్షకులు కావాలి. మొదటివాని నియమము అందరికీ ఒక్కటే. రెండవవాని నియమము ఒక్కని కోసమే పుడుతుంది. అన్నిటికంటె ముఖ్యము, మొదటివాని కోపమునకు ఒక అంతము ఉన్నది. పని సరి అయితే అది పోతుంది. రెండవవాని కోపము పని సరి అయినా పోదు, ఎందుకంటే అది పనిని గూర్చి పుట్టినది కాదు.

దీనిని మొదట శాస్త్రీయముగా పరిశీలించిన వారిలో హైన్జ్ లేమన్ ముఖ్యుడు. జర్మనీలో పుట్టి స్వీడనులో పనిచేసిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. 1980ల నుండి ఆయన పని స్థలములలోని ఈ బాధను గూర్చి వ్రాయుచు వచ్చాడు. దానికి ఆయన "మాబింగ్" అని పేరు పెట్టాడు. ఆ మాటను జంతువుల ప్రవర్తనను గూర్చిన శాస్త్రములో నుండి తీసుకున్నాడు. మన ఊళ్లలో పగటివేళ గుడ్లగూబ ఒకటి బయటపడితే కాకులన్నీ చేరి దానిని ఎలా తరుముతాయో మీకు తెలుసు. ఒక్క కాకి అయితే అంత సాహసము చేయదు. లేమన్ కనిపెట్టినది కూడా ఇదే. ఒకడు మొదలుపెడతాడు. మిగిలిన వారు, "ఆయనకు ఇష్టము లేని మనిషితో మనకెందుకు?" అని మెల్లగా తొలగిపోతారు. తరువాత వారు కూడా ఒక రాయి వేస్తారు. ఇలాంటి చేష్టలను 45గా ఆయన లెక్క కట్టాడు. వారమునకు ఒక్కసారైనా, ఆరు నెలల పాటు జరిగితే దానిని మాబింగ్ అనవచ్చునని ఒక కొలత పెట్టాడు. వారమునకు ఒక్కసారి అంటే ఎంత అని మనకు అనిపించవచ్చును. నీటి బొట్టు కూడా ఒక్కొక్కటే పడుతుంది. ఈ విషయమై 1993లో స్వీడను దేశము ప్రత్యేక నిబంధనలు చేసినది.

పొగ పెట్టుట అన్నాను గదా. దానికి ఒక పెద్ద ఉదాహరణ ఫ్రాన్సు దేశములో జరిగినది. అక్కడి టెలిఫోను కంపెనీ ఫ్రాన్స్ టెలికాం ఒకప్పుడు ప్రభుత్వ సంస్థ. ప్రైవేటు పరమైన తరువాత కూడా దాని ఉద్యోగులలో చాలామందికి ప్రభుత్వోద్యోగుల హోదా ఉండుట వలన వారిని తీసివేయుటకు వీలు లేకపోయినది. అయితే మూడు సంవత్సరములలో 22,000 మందిని తగ్గించవలెనని పైవారు నిర్ణయించారు. తలుపు గుండానైనా కిటికీ గుండానైనా వీరు పోవలసినదేనని కంపెనీ అధిపతి 2006లో మేనేజర్ల సభలో అన్నాడు. ఇక బదిలీల మీద బదిలీలు, తెలియని పనులు, అందని లక్ష్యములు. సాంకేతిక నిపుణులను ఫోను అమ్మకములలో కూర్చోబెట్టారు. కొందరు ప్రాణములు తీసుకున్నారు. కోర్టు వారు 39 మంది సంగతిని విచారించారు. వారిలో 19 మంది చనిపోయారు, 12 మంది ప్రయత్నించి బ్రతికారు, 8 మంది తీవ్రమైన క్రుంగుదలకు లోనయ్యారు. 2019 డిసెంబరులో పారిస్ కోర్టు ఆ అధిపతి డిడియే లోంబార్‌ను, మరి కొందరిని, కంపెనీని దోషులుగా తీర్చి, కంపెనీకి 75,000 యూరోల జరిమానా వేసినది. అప్పీలు కోర్టులో జైలు శిక్షల అమలును నిలిపివేసినా నేరము నిలిచినది. 2025 జనవరిలో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము కూడా దానినే స్థిరపరచినది. ఒక పెద్ద కంపెనీకి ఆ జరిమానా లెక్కలోనిది కాదు. కాని ఒక్క మాట చట్టములో నిలిచినది. ఎదురుగా నిలబడి తిట్టకపోయినా, పైన కూర్చుని ఇలాంటి పద్ధతిని ఏర్పాటు చేసినవాడు కూడా వేధించినవాడే.

ఇప్పుడు దీని వలన మనిషికి కలిగే నష్టమును చూద్దాము.

మొదట శరీరము. అధికారులకే గుండెపోటు వస్తుందని, వారికే బాధ్యతలు ఎక్కువని మనము అనుకుంటాము. ఇంగ్లండులో మైకేల్ మార్మట్ అనే డాక్టరు, ఆయన తోటివారు లండను ప్రభుత్వ కార్యాలయముల ఉద్యోగులను ఏళ్ల తరబడి పరీక్షించారు. 1985లో మొదలైన రెండవ పరిశోధనలో 10,308 మంది ఉన్నారు. వారు కనుగొన్నది మన ఊహకు తలక్రిందులుగా ఉన్నది. మెట్టు దిగిన కొలది గుండె జబ్బు ఎక్కువ. దానికి కారణములు అనేకము గాని, ముఖ్యమైన వాటిలో ఒకటి, తన పని మీద తనకు ఏ మాత్రము అధికారము లేకపోవుట. ఏ వేళకు పిలుపు వస్తుందో, దేనికి తిట్టు పడుతుందో తెలియని మనిషి శరీరము ఎల్లప్పుడు పాము ఎదురైనట్టే ఉంటుంది. పాము ఎదురైతే గుండె వేగముగా కొట్టుకొనుట మంచిదే. పారిపోవుటకు పనికి వస్తుంది. పాము దినమూ ఎనిమిది గంటలు బల్ల అవతల కూర్చుని ఉంటే ఆ గుండె ఏమి కావాలి? నిద్ర పోతుంది. రక్తపోటు పెరుగుతుంది. కడుపులో మంట. కొందరికి చక్కెర వ్యాధి అదుపు తప్పుతుంది. డాక్టరు గారు మాత్రలు వ్రాస్తారు. మాత్ర మేనేజరును మార్చదు గదా.

తరువాత మనస్సు. మొదట కోపము, తరువాత సందేహము, చివరకు నమ్మకము. "వారు అనే మాట నిజమేనేమో, నేను పనికిరానివాడనేమో" అని నమ్ముట మొదలుపెడతాడు. నిజముగానే తప్పులు చేస్తాడు. భయపడే చెయ్యి తప్పు వ్రాస్తుంది. ఆ తప్పును చూపి, "చూచారా, మేము చెప్పలేదా?" అంటారు.

ఇంటి సంగతి గురువులకే ఎక్కువ తెలుస్తుంది. అత్త మీద కోపము దుత్త మీద అన్నారు పెద్దలు. పై అధికారిని ఏమీ అనలేనివాడు ఇంటికి వచ్చి భార్య మీద, పిల్లల మీద విరుచుకు పడతాడు. కొందరు సీసా పట్టుకుంటారు. భార్యాభర్తల తగవు అని మా దగ్గరకు వచ్చిన కొన్ని కేసులలో, రెండు గంటలు విన్న తరువాత అసలు ముడి ఆఫీసులో ఉన్నదని తేలినది. ఆదివారము సాయంకాలము ఆరాధన అయిన తరువాత గుడి మెట్ల మీద కూర్చుని లేవనివారిని చూస్తుంటాను. మరునాడు సోమవారము. ఒక సహోదరుడు నాతో, "అయ్యగారూ, ఆదివారము సాయంత్రము నాలుగు గంటలకే నాకు ఛాతీ పట్టేస్తుంది" అన్నాడు. ఆయనకు పరీక్షలలో ఏ జబ్బూ కనబడలేదు.

పక్కన ఉండి చూచేవారికి కూడా నష్టమే. ఈరోజు అతనికి, రేపు నాకు అనే భయముతో పనిచేసేవాడు మంచి పని చేయలేడు. తప్పు జరిగితే దాచుతాడు. ఆసుపత్రిలో తప్పు దాచితే ఏమగునో చెప్పనవసరము లేదు. మంచి పనివారే మొదట వెళ్లిపోతారు, వారికి వేరే చోట పని దొరుకుతుంది కాబట్టి.

నేను వేదాంత కళాశాలలో చదివే రోజులలో నిర్గమ కాండములోని ఇటుకల కథను విమోచన కథకు పీఠికగా చదివాము. సంఘ సేవకు వచ్చిన తరువాత దానిని పని స్థలపు కథగా చదువుట నేర్చుకున్నాను. ఫరో గడ్డి ఇవ్వడము మానివేస్తాడు, ఇటుకల లెక్క మాత్రము తగ్గించడు. గడ్డి ఎక్కడిది అని అడిగితే సోమరులు అంటాడు. పరికరములు తీసివేసి లక్ష్యమును అలాగే ఉంచుట, అడిగినవానికి సోమరి అని పేరు పెట్టుట – ఈ పద్ధతి ఎంత పాతదో చూడండి. ఫరో స్వయముగా ఎవరినీ కొట్టడు. ఆయన కార్యనియామకులు కొడతారు. ఎవరిని? ఇశ్రాయేలీయులలోనుండి ఏర్పరచిన నాయకులను. అంటే మధ్యవారిని. ఆ దెబ్బలు తిన్నవారు ఫరోకు మొరపెట్టినా ఫలము లేక, ఎదురుపడిన మోషే అహరోనుల మీద విరుచుకుపడ్డారు. మీలో సూపర్‌వైజర్లుగా, హెడ్ క్లర్కులుగా, ఇన్‌ఛార్జులుగా ఉన్నవారు ఈ భాగమును మరియొకసారి చదవండి. పైనుండి వచ్చిన దెబ్బను కిందికి పంపుట చాలా సులభము. అక్కడ ఆపుటయే కష్టము.

అదే కథలో తరువాత ఒక మాట ఉన్నది. మోషే విడుదల వార్తను తెచ్చినప్పుడు ఆ జనులు ఆయన మాట వినలేకపోయారు. హీబ్రూ మాటను ఉన్నదున్నట్లు చూస్తే, వారి ఊపిరి పొట్టిదైపోయినది అని అర్థము. అవిశ్వాసము వలన వినలేదని అక్కడ లేదు. పని బాధ వలన ఊపిరి చాలక వినలేదు. ఆదివారము సాయంత్రము ఛాతీ పట్టేసే సహోదరునికి నా ప్రసంగము చెవికెక్కకపోతే, ఆయన భక్తిని నేను శంకించవలెనా?

ఇక మనము వీరికి సాధారణముగా ఇచ్చే సలహాను గూర్చి. "ఓర్చుకో బాబూ, ప్రార్థన చేసుకో, క్షమించు" అంటాము. ఓర్పు గొప్ప గుణమే. కాని ఓర్పును గూర్చి దెబ్బ తినేవానికే బోధించి, కొట్టేవాని ఇంట్లో గృహ కూటము పెట్టుకొని టీ త్రాగి వస్తే అది ఏమి న్యాయము? యేసు ప్రభువు ప్రధాన యాజకుని ఎదుట నిలిచియుండగా ఒక బంట్రౌతు ఆయన చెంప మీద కొట్టిన సంగతి యోహాను సువార్తలో ఉన్నది. రెండవ చెంప చూపుమని బోధించిన ఆయన అక్కడ మౌనముగా ఊరకుండలేదు. నేను కాని మాట అంటే అది ఏదో చూపుము, లేనియెడల ఎందుకు కొట్టితివని అడిగారు. ఆయన తిట్టలేదు, శపించలేదు, కారణము అడిగారు. వేధింపబడేవాడు కారణము అడుగుట అవిధేయత కాదని చెప్పుటకు నాకు ఇంతకంటె ఆధారము అక్కరలేదు.

శతాబ్ది సంచికలో ఈ మాట ఉండవచ్చునా అని ఆలోచించాను. ఉండవలెననే అనిపించినది. ఇప్పటివరకు ఇతరుల ఆఫీసులను గూర్చి మాట్లాడాను. మన స్కూళ్లు, మన ఆసుపత్రులు, మన హాస్టళ్లు, మన పాస్టరేట్లు కూడా పని స్థలములే. అక్కడ తాత్కాలికము అనే పేరుతో ఏళ్ల తరబడి పనిచేయుచు, ఏ రోజు పొమ్మంటారో తెలియనివారు ఉన్నారు. సువార్తికుని చేత సంచులు మోయించే గురువులు ఉన్నారు. బైబిలు స్త్రీని ఇంటి పనికి వాడుకునే ఇండ్లు ఉన్నవి. నోరు తెరిస్తే దూరపు గ్రామమునకు బదిలీ. బయటి ఆఫీసులో అయితే యూనియను ఉంటుంది, లేబరు ఆఫీసరు ఉంటారు. మన దగ్గర "దేవుని పని" అనే మాటతో నోరు మూయిస్తారు. దేవుని పని గనుక జీతము అడగకూడదు, సెలవు అడగకూడదు, న్యాయము అడగకూడదు. ఇది ఎక్కడి వేదాంతము?

ఇలా అడుగుట మన సంఘమునకు కొత్త కాదు. 1910లో ఎడింబరో పట్టణములో గొప్ప మిషనెరీ మహాసభ జరిగినది. అక్కడ మాట్లాడిన కొద్దిమంది భారతీయులలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు ఒకరు. తమిళ దేశమునుండి తెలుగు సీమకు సువార్త పని మీద వచ్చి, 1912లో డోర్నకల్ ప్రథమ బిషప్పు అయినవారు. ఆ సభలో ఆయన మిషనెరీల త్యాగమును మెచ్చుకుంటూనే, వారికి భారతీయ సేవకులకు మధ్య ఉన్న సంబంధమును గూర్చి నిర్మొగమాటముగా మాట్లాడారు. యజమానికి జీతగానికి ఉన్న సంబంధమే తప్ప స్నేహము లేదని, ఒక బల్ల వద్ద కూర్చుని భోజనము చేయుట కూడా అరుదని బాధపడ్డారు. మాకు స్నేహితులు కావలెనని అడిగారు. సభలో కొందరికి ఆ మాట కష్టము కలిగించినది. అయినను చెప్పారు. అప్పుడు ఆయన వయస్సు ఇంకా నలభై కూడా కాదు. ఆనాటి తెల్లదొర కుర్చీలో ఈనాడు మనమే కూర్చున్నాము. రంగు మారినది. ఆ ప్రశ్న మాత్రము కుర్చీని విడువలేదు.

మన ఇండ్లను కూడా విడువరాదు. ఇంట్లో అంట్లు తోమే ఆమెకు మన ఇల్లు ఆఫీసు. ఆమెకు వేరే గ్లాసు ఉన్నదా? జ్వరము వచ్చి రెండు రోజులు రాకపోతే జీతములో కోస్తామా? ఆఫీసులో తాను పడిన మాటను సాయంత్రము ఈమె మీద దింపే అక్కలు, అమ్మలు ఉన్నారు. వెనుక వరుసలో అన్నలు నవ్వుతున్నారు. బండి తుడిచే కుర్రవానిని మీరు ఏమని పిలుస్తారో అది కూడా ఇందులోనే వస్తుంది.

చట్టము ఏమంటుంది అని కొందరు అడిగారు. కొంచెమే చెబుతాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019 జూన్‌లో 190వ ఒడంబడికను ఆమోదించినది. అది 2021 జూన్‌లో అమలులోనికి వచ్చినది. శరీరమును గాయపరచునదే కాక మనస్సును గాయపరచు ప్రవర్తన కూడా పని స్థలపు హింసయేనని, అది జీతగాండ్రకే కాక పని నేర్చుకొనేవారికి, స్వచ్ఛంద సేవకులకు కూడా వర్తించునని అందులో ఉన్నది. మన దేశములో స్త్రీలపై లైంగిక వేధింపునకు మాత్రము ప్రత్యేక చట్టమున్నది. రాజస్థానులో భన్వరీ దేవి అనే గ్రామ సేవకురాలు, బాల్య వివాహమును ఆపబోయినందుకు, అంటే తన ఉద్యోగము తాను చేసినందుకు, 1992లో అత్యాచారమునకు గురైనది. ఆ ఘటన తరువాత స్త్రీల సంఘములు వేసిన విశాఖ కేసులో 1997లో సుప్రీంకోర్టు నియమములు ఇచ్చినది. 2013లో చట్టము వచ్చినది. పది మంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి చోట ఒక కమిటీ ఉండవలెను, దానికి స్త్రీయే అధ్యక్షత వహించవలెను, బయటి సభ్యులు ఒకరు ఉండవలెను. సాధారణముగా మూడు నెలల లోపల ఫిర్యాదు వ్రాసి ఇవ్వవలెను. ఇంటి పనివారు జిల్లా స్థాయి కమిటీకి వెళ్లవచ్చును. మన సంస్థలలో ఎన్నిటిలో ఈ కమిటీ కాగితము మీద కాక నిజముగా పనిచేయుచున్నదో యాజమాన్యము వారు చూచుకొనవలెను. ప్రభుత్వోద్యోగులకు మరొక సంగతి. రహస్య నివేదికలో చెడు వ్రాసి పదోన్నతిని ఆపుట పాత ఆయుధము. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు, నివేదికలోని ప్రతి గ్రేడును ఉద్యోగికి తెలియజేయవలెనని చెప్పినది. కాబట్టి అడిగి తెలుసుకొనండి.

బాధలో ఉన్నవారికి నేను ఇచ్చే సలహా చిన్నది. ఒక నోటు పుస్తకము కొనండి. ఏ తేదీన, ఏ వేళకు, ఎవరు, ఏ మాట అన్నారు, ఎవరు విన్నారు – ఆ రాత్రే వ్రాయండి. అది మీ ఇంట్లో ఉంచండి, ఆఫీసు బల్లలో కాదు. నోటి మాటగా ఇచ్చిన ఆజ్ఞను వ్రాతలో ఇవ్వమని మర్యాదగా అడగండి. కోపములో రాజీనామా వ్రాయకండి. పేదవాని కోపము పెదవికి చేటు. ఒక్కరికైనా చెప్పండి. నిద్ర లేకపోతే డాక్టరు వద్దకు వెళ్లండి, అది సిగ్గుపడవలసిన విషయము కాదు. చనిపోవలెననే తలంపు వస్తే ఆ గంటలోనే ఎవరినైనా పిలవండి. కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ ఫోను 14416 రాత్రింబగళ్లు పనిచేయును, తెలుగులో కూడా మాట్లాడతారు. మా గురువుల ఇండ్ల తలుపులు కూడా తట్టవచ్చును.

పక్కన ఉన్నవారు చేయగలిగినది మరి కొంచెము. పెద్ద పోరాటములు అందరి వల్లా కావు. వెలివేసిన మనిషి పక్కన భోజనపు డబ్బా విప్పి కూర్చొనండి. లేమన్ చెప్పిన కాకుల గుంపులో ఒక్క కాకి తగ్గినా గుడ్లగూబకు ఒక కొమ్మ దొరుకుతుంది.

చివరగా, ఈ ఉత్సవ సంవత్సరములోనే చేయదగిన పని ఒకటి మీ ముందు పెట్టుచున్నాను. మన సంస్థలన్నిటికి కలిపి ముగ్గురు సభ్యుల సంఘము ఒకటి కావలెను. ఒకరు స్త్రీ, ఒకరు మన యాజమాన్యములో లేని బయటి పెద్ద, ఒకరు అన్నిటికంటె కింది గ్రేడు ఉద్యోగులు తామే ఎన్నుకున్నవారు. గురువులు అందులో ఉండకపోవుట మంచిది. ఫిర్యాదు అందినట్టు రసీదు ఇవ్వవలెను, ముప్పది దినములలో వ్రాతమూలకముగా జవాబు ఇవ్వవలెను, విచారణ ముగియువరకు ఫిర్యాదు చేసినవారిని బదిలీ చేయరాదు. ఈ తీర్మానపు చిత్తు ప్రతిని కార్యదర్శి గారి చేతికి ఇచ్చాను. వచ్చే కౌన్సిలులో ప్రవేశపెట్టుటకు సభ్యుల సంతకములు కావలెను. ప్రతి ఆ కిటికీ పక్కన బల్ల మీద ఉన్నది, కలము కూడా ఉంచాను. ఉద్యోగ భయము వలన సంతకము చేయలేనివారు చేయకపోయినా మేము ఏమీ అనుకొనము. చేయగలిగినవారు భోజనమునకు వెళ్లే ముందు చేసి వెళ్లండి.